బతికుండగానే సతేకికి దినం

సతేకి పుట్టినప్పుడు మంత్రసాని వాణ్ణి అరచేతిలోకి తీసుకుని, "ఇంతేనా, ఇంకా ఉందా?" అని అడిగిందట. ఆ మాట మా ఫోవా దీవిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అతని ఇంటి పక్కనే నా ఇల్లు కాబట్టి నేను కాస్త ఎక్కువసార్లే విన్నాను.

టోంగాలో మనిషి బక్కగా ఉంటే ఆ మనిషిని ఎవరూ ఏమీ అనరు. ఇంటివాళ్ళను అంటారు. సతేకి వాళ్ళమ్మ చేమాకు పొట్లాల్లో కొబ్బరిపాలు పోసి, మాంసం పెట్టి, గుంటపొయ్యిలో ఉడికించి కొడుకు ముందు పెట్టేది. అతను తినేవాడు. తిన్నదంతా ఎటు పోయేదో తెలిసేది కాదు. మా దగ్గర మేనత్త మాటకు తిరుగులేదు. అతని మేనత్త టోకిలూపే విందుల్లో అందరికంటే పైన కూర్చుని, కింద కూర్చున్న మేనల్లుణ్ణి చూసి నిట్టూర్చేది. "ఒరేయ్ సతేకీ, నువ్వు ఆ మూలకెళ్ళి కూర్చో. నిన్ను చూస్తే జనం మాకు వంట రాదనుకుంటారు."

నిజానికి అతని చిన్నతనంలో మా మగవాళ్ళలో సగంమంది కాస్త అటూ ఇటూగా అలాగే ఉండేవాళ్ళు. పెండలం తోటకు నడిచి వెళ్ళేవాళ్ళు. పడవకు తెడ్డు వేసేవాళ్ళు. ఒళ్ళు చేసేది దొరలు, పాదిర్లు. తరువాత ఓడల్లో గడ్డకట్టిన గొర్రె కొవ్వు ముక్కలు దిగాయి, మేము సిపి అంటాం. డబ్బా మాంసం వచ్చింది. తియ్యటి నీళ్ళ సీసాలు వచ్చాయి. తెడ్డు పోయి ఇంజిను వచ్చింది, కాలిబాట పోయి వ్యాను వచ్చింది. పదేళ్ళకో పన్నెండేళ్ళకో ఒకసారి ఆరోగ్యశాఖ వాళ్ళు తూకపు మిషన్లు మోసుకొచ్చి ఊళ్ళో అందరినీ తూచి వెళ్ళేవాళ్ళు. మొదటిసారి వచ్చినప్పుడు లావుపాటివాళ్ళ కోసం ఊరంతా వెతికారు. నాలుగోసారి వచ్చినప్పుడు సన్నవాళ్ళ కోసం వెతికారు.

ఆ నాలుగోసారికి సతేకికి యాభై దాటాయి. చర్చి హాల్లో మిషను పెట్టారు. మా ఊరివాళ్ళకు అది పోటీలాగే అనిపించింది. ఒక్కొక్కళ్ళు ఎక్కుతుంటే బయట డోలు వాయించారు. మా ఊరి బల్లెం విసిరే ఆటగాడు ఎక్కినప్పుడు ముల్లు చివరిదాకా వెళ్ళి కొట్టుకుంది, హాలంతా చప్పట్లు. నర్సు లోసలినే తల పట్టుకుని, "చప్పట్లు కొట్టకండయ్యా, ఇది మంచి వార్త కాదు" అంది.

"పక్క ఊరికి ఎంత వచ్చింది?" అని అడిగాడు పాటల బృందం పెద్ద.

"పక్క ఊరూ ఇంతే. దేశమంతా ఇంతే."

"అంటే ఇంకా ఎవరూ గెలవలేదన్నమాట" అని ఆయన తృప్తిపడ్డాడు.

సతేకి వంతు వచ్చింది. నడుముకు రెండు చాపలు చుట్టుకుని వచ్చాడు. చర్చికి వచ్చేటప్పుడు చాప చుట్టుకోవడం మర్యాదే, కానీ రెండు ఎవరూ చుట్టుకోరు. లోసలినే విప్పమంది. పై చాప విప్పితే రాళ్ళు రాలాయి, ఒకటి ఆమె కాలిమీద పడింది.

"ఇదేంటన్నా?"

"ఇంటి పరువు చెల్లెమ్మా" అన్నాడు సతేకి నేల చూస్తూ.

రాళ్ళు లేకుండా తూచింది. మళ్ళీ తూచింది. చుట్టుకొలత తీసింది, వేలు పొడిచి నెత్తురు చూసింది. మొహం విప్పారింది. "అందరూ వినండి! ఊరు మొత్తం మీద ఈ అన్న ఒక్కడే ఉండాల్సినట్టు ఉన్నాడు."

బయట డోలు ఆగింది. సతేకి భార్య ఇలైసానే చాపలో మొహం దాచుకుని ఏడ్చింది. టోకిలూపే అత్త కుర్చీలోంచి లేవడానికి ఇద్దరు సాయం పట్టారు. "బాగున్నాడా? వాడా? ముందు నీ కళ్ళు చూపించుకో అమ్మాయ్."

కానీ ఆరోగ్యశాఖ వాళ్ళు వదల్లేదు. చొక్కా లేకుండా పెండలం తోటలో నిలబెట్టి ఫొటో తీశారు. మనిషెత్తు బొమ్మ అచ్చువేసి, "సతేకిలా ఉండండి" అని కింద రాసి, దీవి దీవికీ పంపారు. రేవుల్లో, ఆసుపత్రుల్లో, సిపి అమ్మే కొట్టు తలుపుల మీద కూడా అంటించారు.

వవావు దీవుల్లో ఒక ఊరి ఆడవాళ్ళకు కింది అక్షరాలు పట్టలేదు. ఆసుపత్రి గోడమీద పక్కటెముకలు కనబడుతున్న మనిషిని చూసి, ఏదో రోగం వస్తే ఇలా అయిపోతారని హెచ్చరిక కాబోలు అనుకున్నారు. గుండెలు కరిగిపోయాయి. ఆ వారం పడవలో మా రేవుకు సతేకి పేరున కాల్చిన పంది, నలభై చేమాకు పొట్లాలు, రెండు బుట్టల పెండలం దిగాయి. పంపినవాళ్ళ మనిషి ఒకాయన కూడా దిగాడు, తింటాడో లేదో దగ్గరుండి చూసి రమ్మని పంపారట. తినకపోతే అవమానం. సతేకి తిన్నాడు.

ఆ తరువాత పిలుపులు మొదలయ్యాయి. ఏ దీవిలో ఆరోగ్య వారం జరిగినా సతేకిని తీసుకెళ్ళి నడక గురించి, కూరగాయల గురించి మాట్లాడించేవాళ్ళు. మాట్లాడింది పావుగంట, తరువాత విందు. ముఖ్య అతిథి ముందు పంది పెట్టకుండా ఎలా ఉంటారు? ముఖ్య అతిథి ముందుగా చెయ్యి కడుక్కుని లేస్తే మిగతావాళ్ళు ఎలా తింటారు? ఒకసారి నేనూ వెంట వెళ్ళాను. చాపల వరసలో అందరికంటే పైన కూర్చున్నాడు. ఆడపిల్లలు విసనకర్రతో విసురుతున్నారు. యాభై ఏళ్ళు మూలన కూర్చున్న మనిషి. నావైపు వంగి, "ఇక్కణ్ణించి చూస్తే విందు ఎంత పొడుగ్గా ఉంటుందో నాకు తెలియనే తెలియదు" అన్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి.

మూడేళ్ళు. తోటకు వెళ్ళడానికి తీరిక లేదు, వెళ్ళినా వ్యానులో. ఇలైసానే అతని నడుముగుడ్డకు రెండుసార్లు అతుకు వేసి పెద్దది చేసింది, కుడుతూ పాడుకునేది. టోకిలూపే అత్త మొదటిసారి మేనల్లుణ్ణి పిలిచి తన దగ్గర కూర్చోబెట్టుకుంది. "ఇప్పుడు మా అన్న కొడుకులా ఉన్నావు" అంది. అద్దంలో తనను తాను చూసుకుని సతేకి కొంచెం కంగారుపడ్డాడు గానీ, అందరూ సంతోషంగా ఉన్నప్పుడు ఒక్కడే కంగారుపడటం బాగోదని ఊరుకున్నాడు.

చివరికి వవావులో పెద్ద సభ. రాజధాని నుంచి కొత్తగా వచ్చిన అధికారి బొమ్మ పక్కన నిలబడి సతేకి కోసం ఎదురుచూస్తున్నాడు. సతేకి వేదిక మెట్లు ఎక్కి, ఆయాసం తీర్చుకుని, "వచ్చానండీ" అన్నాడు.

"ఎవరు మీరు?"

"సతేకిని."

అధికారి బొమ్మను చూశాడు, మనిషిని చూశాడు. గొంతు తగ్గించి, "మీ తమ్ముడు రాలేదా?" అన్నాడు.

కింద వందలమంది. ఆడవాళ్ళు పూలదండలు పట్టుకుని ఉన్నారు. సతేకికి సిగ్గేసింది. "రాలేదండీ" అన్నాడు. మైకు ఆ మాట పట్టుకుంది.

"ఏమైంది ఆయనకు?" అని ముందు వరసలోంచి ఒక ముసలామె అరిచింది. పంది పంపిన ఊరామె. "ఒంట్లో ఎలా ఉంది?"

సతేకి బొమ్మవైపు చూశాడు. "ఇప్పుడు లేడమ్మా" అన్నాడు.

అబద్ధం చెప్పాలని కాదు. అతనికి అలాగే అనిపించింది, తరువాత నాతో చెప్పాడు. ఆ ముసలామె రొమ్ము బాదుకుని ఏడుపు ఎత్తుకుంది. చుట్టుపక్కలవాళ్ళు అందుకున్నారు. సభ అక్కడితో ఆగిపోయింది.

మరుసటి వారం మా రేవుకు పెద్ద పడవ వచ్చింది. నిండా నల్లబట్టలవాళ్ళు, శోకానికి నడుముకు చుట్టుకునే చినిగిన చాపలు, పాటల బృందం, పదిహేను పందులు, తెరచాపంత నార గుడ్డలు, నేత చాపల కట్టలు. సతేకి రేవులో వాళ్ళను చూసి వెనక్కి తిరిగి, ఆయాసపడుతూ మేనత్త ఇంటికి పరుగెత్తాడు.

"అత్తా, నేను చచ్చిపోయాననుకుంటున్నారు! వెళ్ళి చెప్పు!"

టోకిలూపే అత్త కిటికీలోంచి రేవు చూసింది. చాపల కట్టలు దింపుతున్నారు. మా దగ్గర చావుకు వచ్చిన చాపల్లో మేలైనవి మేనత్తకే చెందుతాయి.

"సముద్రం దాటి వచ్చిన ఏడుపును వెనక్కి పంపుతామా? ఊరి పరువు ఏం కావాలి?" అంది. "నువ్వు ఎవరివని చెప్పావు?"

"అన్ననని వాళ్ళే అనుకున్నారు."

"అయితే వెళ్ళి అన్నలాగే కూర్చో. ఇలైసానేకు చెప్పు, జుట్టు విరబోసుకోమను."

ఇలైసానే మొగుడు ఎదురుగా ఉండగా విధవలా ఎలా ఏడవాలని గొడవపెట్టింది. పాదిరి గారు ఇంకా ఇబ్బందిపడ్డారు. బతికున్నవాడికి చావు ప్రార్థన చేస్తే దేవుడు ఊరుకుంటాడా అని చాలాసేపు ఆలోచించి, శవమూ సమాధీ లేని ఆ చావింటి ముందు నిలబడి ఇలా ప్రార్థించారు: "ప్రభువా, తోటకు తెల్లారకముందే నడిచి వెళ్ళిన సతేకి, కొబ్బరిచెట్టు ఒక్క ఊపులో ఎక్కిన సతేకి, పారిపోయిన పందిని పరుగెత్తి పట్టుకున్న సతేకి మా మధ్య ఇక లేడు." ఒక్క మాట కూడా అబద్ధం కాదు.

బంధువుల వరసలో కూర్చున్న సతేకి అప్పుడు ఏడ్చాడు. వేషం కాదు. భుజాలు కదిలిపోయేలా, ముక్కు తుడుచుకోకుండా ఏడ్చాడు. వవావు ముసలామె అతన్ని కావలించుకుని, "ఏడవకయ్యా, నువ్వన్నా కడుపునిండా తిను, నువ్వు మిగిలావు" అని సిపి ముక్క నోట్లో పెట్టింది. ఏడుస్తూనే నమిలాడు. ఇలైసానే తరువాత, తన భర్త అలా ఏడవటం ఎన్నడూ చూడలేదని, ఆ నిమిషాన తనకూ నిజంగానే ఏడుపు వచ్చిందని చెప్పింది.

విందు రెండు రోజులు నడిచింది. అత్త ఇంటికి చాపలు బండిమీద వెళ్ళాయి.

ఆ తరువాత పిలుపులు రాలేదు, చనిపోయినవాణ్ణి ఎవరు పిలుస్తారు? సతేకి ఎడమ పాదం మీద చిన్న పుండు లేచి మానలేదు. లోసలినే వచ్చి వేలు పొడిచి చూసింది. ఈసారి మొహం విప్పారలేదు.

"అన్నా, నీ నెత్తురు పాకంలా ఉంది. ఇలాగే ఉంటే పాదం పోతుంది."

"నువ్వే కదమ్మా నన్ను బాగున్నానన్నావు."

"అన్నాను. బొమ్మ కూడా నేనే వేయించాను" అంది లోసలినే. చాలాసేపు పాదానికి కట్టు కడుతూ కూర్చుంది. "నిన్ను తోటలోనే వదిలేయాల్సింది."

పాదం నిలిచింది, ఒక వేలు పోయింది. మందులు వేసుకుంటున్నాడు. సిపి ఆదివారం మాత్రమే అని ఒట్టు పెట్టుకున్నాడు. మా ఊళ్ళో ఆదివారాలు కొంచెం ఎక్కువగా వస్తాయని లోసలినే అంటుంది. వ్యాను అల్లుడికి ఇచ్చేశాడు. పొద్దున్నే కర్ర పట్టుకుని పెండలం తోటకు బయల్దేరతాడు. ఒక్కణ్ణి పంపితే దారిలో ఎవరింట్లో తేలతాడో అని ఇలైసానే కూడా వెంట వెళుతుంది. ఆమె అతనికంటే లావు.

మొన్న వాళ్ళతో నేనూ నడిచాను.

"ఇంకా ఎంత దూరమయ్యా?" అని ఇలైసానే.

"నోరు మూసుకుని నడువు. ఊపిరి మిగులుతుంది."

దారిపక్క ఇంట్లో పొగ లేస్తోంది. లోపలినుంచి ఎవరో మామూలుగా కేకేశారు: "రండి, తిని వెళుదురు గాని!"

"తినే వస్తున్నాం!" అన్నాడు సతేకి గట్టిగా, కర్ర ముందుకు వేస్తూ. పది అడుగులు వేశాక పక్కన అడుగుల చప్పుడు వినబడక వెనక్కి తిరిగాడు. ఇలైసానే అప్పటికే వాళ్ళ వాకిట్లో చాప మీద కూర్చుంది.