సీసా మీద తోట

సుమ్మాదేవి స్టేషన్ రోడ్డులో రామూర్తి కిరాణా కొట్టుకి ఒక పద్ధతి ఉంది. అడిగిన సరుకు అడిగినట్టు ఇస్తాడు, చిల్లర లేదని చాక్లెట్లు అంటగట్టడు. గల్లాపెట్టెకి ఎదురుగా ఉన్న అరలోని కొబ్బరినూనె సీసాలు మాత్రం ఎవరికీ అమ్మడు. అర నిండా అవే. అన్నీ ఒకే రకం, ఒకే సైజు. బొమ్మ ఉన్న వైపు బయటికి తిప్పి వరసగా నిలబెట్టి ఉంటాయి. పొద్దున్నే దేవుడి పటానికి అగరొత్తి వెలిగించి, తర్వాత వాటిని మెత్తటి గుడ్డతో తుడుస్తాడు. కొత్తవాళ్లు చూసి, ఇదేదో బాగా పోయే సరుకనుకుని అడుగుతారు.

"ఆ నూనె ఒకటి ఇయ్యండి."

"అది బాగోదండి. ఇది తీసుకోండి."

"బాగోకపోతే అన్నెందుకు పెట్టినారు?"

"సూడ్డానికి."

అంతకు మించి చెప్పడు. అడిగినవాళ్లు ఇంకో సీసా తీసుకుని, వెనక్కి తిరిగి చూసుకుంటూ వెళ్లిపోతారు.

సంగతేమిటంటే, ఆ సీసా మీద ఉన్నది రామూర్తి తోట. తోటలాంటిది కాదు, అచ్చంగా అదే. ఎడమవైపు నుయ్యి, నూతి మీదికి వంగి మళ్లీ ఆకాశం వైపు లేచిన కొబ్బరిచెట్టు, దాని వెనక వరసలు. వంగినదాని పేరు వంకరది. దాని పక్కన ఠీవిగా నిలబడింది, అన్నిట్లోకీ ముసలిది, తాత చెట్టు. ఇంకొంచెం లోపలికి నీలవేణి చెట్టు. రామూర్తి పెళ్లయిన ఏడు భార్య పేరున నాటాడు. ఆకులు దండిగా వేసేది, కాయలు మాత్రం లెక్కకే. ఈ విషయం మీద ఆ ఇంట్లో ఎవరూ పెద్దగా మాట్లాడరు.

ఉద్దానం ప్రాంతంలో కొబ్బరిచెట్టును కొడుకుతో సమానం అంటారు. రామూర్తి లెక్కలో ఒక మెట్టు ఎక్కువే, చెట్టు ఎదురు సమాధానం చెప్పదు కనుక.

తిత్లీ తుఫానుకి రెండు వేసవుల ముందు కెమెరా మెడలో వేసుకుని ఒకాయన వచ్చాడు. తోట చాలా బాగుందన్నాడు. రామూర్తి బొండాలు దింపించి కొట్టించి ఇచ్చాడు. ఆయన తాగాడు, ఫొటోలు తీశాడు, క్యాలెండర్ కోసమన్నాడు, అచ్చయ్యాక ఒకటి పంపిస్తానన్నాడు. రామూర్తి ఉగాదికి ఎదురుచూశాడు, జనవరికి ఎదురుచూశాడు. క్యాలెండర్ రాలేదు. తిత్లీ వచ్చింది.

ఒక్క రాత్రిలో ఉద్దానం పడుకుంది. తెల్లారి రామూర్తి వెళ్లేసరికి తోటలో నిలబడి ఉన్నది నుయ్యి ఒక్కటే. ఇంటి పెంకులు ఎగిరిపోయి, పెట్టెలోని పెళ్లి ఫొటోలూ తోటలో తీయించుకున్న ఫొటోలూ ముద్దయిపోయాయి. కరెంటు లేదు, గ్యాసు లేదు. చుట్టుపక్కల ఆడవాళ్లు, సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్ల వాళ్లు కూడా, పొయ్యిలోకి మట్టలు మోసుకుపోయారు. రామూర్తి కాదనలేదు. ఎవరు మట్ట నెత్తికెత్తుకున్నా, అది ఏ చెట్టుదో చెప్పి మరీ పంపాడు. పాపం మతి చెదిరిందనుకున్నారు.

ఆ భూమిలో ఇప్పుడు జీడి వేశాడు. స్టేషన్ రోడ్డులో కొట్టు పెట్టాడు. అయినా సాయంత్రం అటు బయల్దేరేటప్పుడు "తోటకెళ్లొస్తాను" అనే అంటాడు. జీడితోట కూడా తోటే కదా అని అందరూ ఊరుకుంటారు. అతను అన్నది ఏ తోటనో నీలవేణికి తెలుసు.

అలాంటి మనిషి చేతిలో ఒకరోజు, పలాస నుంచి సరుకు తెచ్చే సుమన్ కొత్త నూనె సీసా పెట్టాడు. పచ్చతీరం అని పేరు. పైన పెద్ద అక్షరాల్లో 'నూరు శాతం సహజం, రసాయనాలు లేవు, ఉద్దానం తోటల నుంచి నేరుగా మీ తలకు' అని ఉంది. కింద కెమెరా ఆయన తీసిన తోట. రామూర్తి సీసాని వెలుతురుకి తిప్పి, నూతి మీద వేలు పెట్టి చూశాడు. తర్వాత పెట్టె మొత్తం దించమన్నాడు. సుమన్ ఇంత తొందరగా ఏ సరుకూ అంటగట్టి ఎరగడు.

ఆ రాత్రే ఒక సీసా మూత తీసి వాసన చూశాడు. పెళ్లిపందిట్లో చల్లే అత్తరు వాసన వచ్చింది. పుష్యమాసం చలికి కొట్టులోని కొబ్బరినూనె అంతా తెల్లగా పేరుకుపోతే, ఇది మాత్రం నీళ్లలా కదులుతూనే ఉంది. కొబ్బరి ఊళ్లో పుట్టినవాళ్లకి ఇక వేరే పరీక్ష అక్కర్లేదు. రామూర్తికి కోపం రాలేదు. నూనె అబద్ధం, బొమ్మ నిజం అని సర్దుకున్నాడు. నూనె కొనేవాళ్లకి అమ్మకూడదు, బొమ్మ తను ఉంచుకోవచ్చు అని ఒక న్యాయం కూడా చేసుకున్నాడు.

ఈ న్యాయానికి మొదట అడ్డొచ్చింది కూతురు ఇందు. టెక్కలిలో ఫార్మసీ చదువుతోంది. రెండో ఏడు మొదలైన దగ్గర్నుంచి ఆ ఇంట్లో ఏ డబ్బాకీ మనశ్శాంతి లేదు. తిప్పి వెనకున్న చిన్న అక్షరాలు చదువుతుంది. తల్లి వాడే పసుపు సబ్బులో పసుపు బొమ్మలో తప్ప ఇంకెక్కడా లేదని తేల్చింది. వేపాకు పేస్టుకీ వేపచెట్టుకీ పరిచయమే లేదంది.

"సహజం అన్న మాట ఎవరైనా రాసీసుకోవచ్చమ్మా. రాసినంత మాత్రాన మంచిదని నమ్మీడమే," అంది ఒక ఆదివారం.

"సహజమైతే మాత్రం మంచిదేటి?" అంది నీలవేణి. పలాసలో కొన్నాళ్లు జీడిపిక్కలు కొట్టిన మనిషి. "జీడిపిక్క రసం సహజమే. సేతికంటితే తోలూడిపోతాది."

ఇందు పచ్చతీరం సీసా తిప్పింది. మొదట రాసి ఉన్నది పెట్రోలు శుద్ధి చేసే చోట పుట్టే నూనె. తర్వాత రంగు, సెంటు. కొబ్బరి చిట్టచివర, మొహమాటానికి వచ్చిన చుట్టంలా ఉంది.

"నాన్నా, ఇది మన తోట. మన తోట పేరు సెప్పి ఇది అమ్ముతున్నారు."

"నాను అమ్మట్లేదు కదా," అన్నాడు రామూర్తి. సీసా తీసుకుని దాని చోట దాన్ని పెట్టాడు.

అక్కడితో అయిపోయేదే. కానీ చేపలమ్మే బొడ్డమ్మ వచ్చింది. ఒడ్డున ఉన్న ఊరు ఆమెది. పొద్దున్నే గంపతో ఆటో ఎక్కి వచ్చి, ఊరంతా తిరిగి, ఎండెక్కేసరికి రామూర్తి కొట్టు ముందు గంప దించి మంచినీళ్లు తాగుతుంది. ఆ రోజు నీళ్లు అడగలేదు.

"బాబూ, మా కూతురు హేమ పాపకి ఒళ్లంతా దద్దుర్లు పేలిపోనాయి. రాత్రనక పగలనక ఏడుపే. పలాస డాక్టరు నూనె మానీమన్నాడు. ఆ సెంటు పసిపిల్లలకి పడదంట."

"ఏ నూనె పెట్టినావు?"

"నీ తోటదే బాబూ."

రామూర్తి చేతిలోని పొట్లం బల్ల మీద పెట్టాడు.

"నాను నీకు అమ్మలేదు కదా బొడ్డమ్మా."

"నువ్వు అమ్మలేదు. అడిగితే ఇవ్వలేదు. రోజూ తుడిసి తుడిసి దాసుకుంతావు. తనకే ఇంత ముద్దుగుంటే ఎంత మంచి నూనో అనుకోని పలాసలో కొనీసినాను. నానే కాదు, మా ఊళ్లో సగం కొంపలు ఇదే రాత్తన్నారు. రామూర్తి బాబు తోటది, కల్తీ ఉండదని."

"తుఫాను సంగతి నీకు తెల్దా? మట్టలు నువ్వే మోసినావు."

"మోసినాను. కానీ బొమ్మలో సెట్లు నిలబడే ఉన్నాయి కదా బాబూ," అంది బొడ్డమ్మ. ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. అదే రామూర్తికి బాగా తగిలింది. తిడితే బాగుండుననిపించింది.

కంపెనీ సీసా మీద ఏమి రాసుకున్నా, చదువురాని బొడ్డమ్మ నమ్మింది ఆ రాతను కాదు, రామూర్తి అరను. ఇంతకాలం అమ్మకుండా ఎవరికీ అపకారం చేయలేదనుకున్నాడు. కంపెనీ తరఫున, జీతం లేకుండా, స్టేషన్ రోడ్డులో కూర్చుని ప్రచారం చేసింది తనే.

ఇందుకి ఒళ్లు మండిపోయింది. వినియోగదారుల ఫోరంలో ఫిర్యాదు పెడతానంది. నూనె సంగతికి సీసా వెనకున్న రాతే చాలు. ఉద్దానం తోటల మాట అబద్ధమని చూపించాలంటే మాత్రం, ఆ తోట సొంతదారు తోటలో నిలబడి చెప్పాలి. తను ఫోనులో వీడియో తీస్తుంది.

"ఫిర్యాదు నిలబడితే బొమ్మ తీసీత్తారా?" అన్నాడు రామూర్తి.

"తీసీత్తారు నాన్నా."

"ఉన్న సీసాల సంగతి?"

"అవీ వెనక్కి పట్టుకుపోతారు."

రామూర్తి అర వైపు చూశాడు. ఆ తోటకి ఈ భూమ్మీద వేరే ఫొటో లేదు. అది తండ్రీకూతుళ్లిద్దరికీ తెలుసు. ఆ రోజూ మర్నాడూ అతను సీసాలు తుడవలేదు. మూడో రోజు పొద్దున్న తనే, "పద, తోటకెల్దాం," అన్నాడు. చేతిలో ఒక సీసా ఉంది.

కెమెరా ఆయన ఎక్కడ నిలబడి తీశాడో వెతకడానికి చాలాసేపు పట్టింది. సీసా కంటికెదురుగా పెట్టుకుని, బొమ్మలోని నుయ్యి నిజం నూతితో సరిపోయేదాకా వెనక్కీ పక్కకీ జరిగాడు. సరిపోయింది. బొమ్మలో నూతి మీద వంకరది ఉంది. ఎదర జీడిమొక్కలున్నాయి, వాటిపైన వట్టి ఆకాశం ఉంది.

"సెప్పు నాన్నా," అంది ఇందు ఫోను ఎత్తి.

"ఇది నా తోట. ఈ వంకరది మా తాత నాటింది. దీనికి కాయ సిన్నది, నీళ్లు మాత్రం తియ్యగుంటాయి. పక్కది తాత సెట్టు. దానెనక మీ అమ్మది ఉన్నాది..."

"నాన్నా. ఉన్నాది అంటున్నావు."

రామూర్తి ఆగాడు. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ అవే మాటలు వచ్చాయి. ఇందు కళ్లు తుడుచుకుంది గాని ఫోను దించలేదు. చివరికి అతను సీసా కిందికి దించి, "ఈ కంపెనీకి నాను ఒక్క కాయ ఇవ్వలేదు. తిత్లీ తర్వాత ఇక్కడ ఇవ్వడానికి కాయే లేదు," అన్నాడు. తోట లేదన్న మాట అతని నోట రాలేదు. ఈ మాత్రం చాల్లే అని ఇందు ఫోను జేబులో పెట్టుకుంది.

ఫిర్యాదు నడిచింది. కొన్ని నెలలకి కంపెనీ సీసా మార్చింది. రసాయనాలు లేవన్న మాట పోయింది, ఉద్దానం పోయింది, తోట పోయింది. వాటి బదులు ఏ చెట్టుదో ఎవరూ చెప్పలేని ఆకు ఒకటి వేసి, కింద 'ప్రకృతి స్ఫూర్తితో' అని రాశారు. నూనె మాత్రం పాతదే. ఇందు ఆ కొత్త సీసా చదివి, రెండో ఫిర్యాదు మొదలుపెట్టింది.

సుమన్ పాత సరుకు తీసుకుపోవడానికి వచ్చాడు. రామూర్తి సీసాలు ఒక్కొక్కటే దించి ఇచ్చాడు.

"ఒకటి ఉంచుకో నాన్నా. ఎవరడుగుతారు?" అంది ఇందు.

"అది సూసి ఇంకెవరో కొంటారమ్మా," అని ఆఖరి సీసా కూడా పెట్టెలో పెట్టేశాడు. సుమన్ వ్యాను మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడ్డాడు. ఖాళీ అరలో ఏమి పెట్టాలో ఎవరూ చెప్పలేదు, అతనూ అడగలేదు.

మళ్లీ పుష్యమాసం వచ్చింది. ఒక పొద్దున్న బొడ్డమ్మ కొట్టు ముందు గంప దించింది. పాప ఒళ్లు నున్నగా అయిపోయిందట, పాకుతోందట. తలకి మందస గానుగలో ఆడించిన కొబ్బరినూనె ఇమ్మంది. నూనె చలికి తెల్లగా పేరుకుపోయింది. రామూర్తి గరిటెతో తవ్వి ఆమె గిన్నెలో వేస్తుంటే, ఆమె అర వైపు చూసింది.

"తోటేది బాబూ?"

రామూర్తి గరిటె ఆగింది.

"లేదు బొడ్డమ్మా," అన్నాడు. "తోట లేదు. పోనాది."

ఇన్నేళ్లలో ఆ మాట అనడం ఇదే మొదలు.

"తెలుసు కదా బాబూ," అంది బొడ్డమ్మ, అరుగు మీద కూర్చుంటూ. "నువ్వే కదా మట్ట మట్టకీ పేరు సెప్పి నెత్తికెత్తినావు. వంకరది మట్టలు పెళపెళా మండీవి. ఒక్క మట్టకి అన్నం ఉడికిపోయీది. ఆ దినాల్లో మా కొంపలో తిండి పెట్టింది అదే. తాత సెట్టు మట్టలు నిదానంగా కాలీవి, సేపల కూరకి బాగుండీవి. నీలవేణమ్మ సెట్టువే, పొగ తప్ప మంట లేదు."

"ఇన్నాను బొడ్డమ్మా," అంది లోపల్నుంచి నీలవేణి.

రామూర్తి నవ్వాడు. నవ్వుతుండగానే కళ్లు నిండిపోయాయి. భుజం మీది తువ్వాలుతో తుడుచుకున్నాడు, దాచుకోలేదు. పీట లాక్కుని ఆమెకి ఎదురుగా కూర్చున్నాడు.

"సేపలు పాడైపోవు కదా?"

"సలికాలమే కదా బాబూ. ఏటి?"

"నూతి అవతలి వరసలోవి ఎలా మండినాయో సెప్పు," అన్నాడు రామూర్తి.