కుండెడు ఉలవలు

మా మనవరాలు కబడ్డీ ఆడుతుంది. పొద్దున్నే నానిన పెసలు, పల్లీలు చిన్న తక్కెడలో తూకం వేసుకుని మరీ తింటుంది. మాంసం ముట్టని ఆటగాళ్లకు ప్రొటీన్ ఎంత కావాలో వాళ్ల కోచ్ చెప్పిందట. "నీకేం ఎర్క నానమ్మా" అంటూ ఆ పాఠం నాకు చెప్పబోతుంది. నాకు ఒళ్లు మండుతుంది. ఆ తిండి కోసమే మా ఇల్లు ఎంత ఏడ్చిందో దానికేం ఎరుక?

మా అన్న పైల్వాన్. జనగామలో ఒక తాలీంఖానాకు కుస్తీ నేర్చుకోవడానికి పోయేవాడు. పొద్దు పొడవక ముందే మా ఊరి నుంచి నడిచిపోయి, మట్టిలో పొర్లి, ఎండెక్కాక ఇంటికొచ్చేవాడు. తక్కిన పైల్వాన్లంతా యాటమాంసం, గుడ్లు తినేవాళ్లు. మాది మెడలో లింగం కట్టుకునే ఇల్లు, అవేవీ ముట్టం. ఆ మాట విని ఉస్తాద్ మొదట్లో నవ్వాడట. తర్వాత గడ్డం గోక్కుని, "పాలు తాగు బేటా, ఉలవలు తిను. గుర్రం ఏం తిని ఉరుకుతది?" అన్నాడట.

పాడి ఉన్నన్నాళ్లు బాగానే గడిచింది. రైతులు దొరల మీద తిరగబడ్డ రోజుల్లో దొర మనుషులు మా బర్రెను, కాడెడ్లను తోలుకుపోయారు. అడగబోయిన మా బాపును కొట్టి పంపారు. బాపు మళ్లీ లేవలేదు. ఇక అన్న ఒంటికి గింజలే దిక్కయ్యాయి. మాంసమైతే గిన్నెడు తింటే సరిపోయేది. అంత బలం గింజల్లోంచి రావాలంటే కుండెడు తినాలి. అదే మా కొంప ముంచింది.

మా వైపు ఉలవలు ఉడికించేది ఎడ్లకు. పైన తేరిన నీళ్లతో మనుషులు చారు కాచుకుంటారు, గింజలు ఎడ్ల తొట్టిలో పోస్తారు. మా ఇంట్లో ఆ గింజలు అన్న కంచంలో పడేవి. కొడుకు పశువుల కూడు తింటున్నాడని నలుగురికి తెలిస్తే నామోషీ అని మేం అవ్వ అని పిలిచే మా అమ్మ బాధ. పొయ్యి మీది కుండను చూసి ఎవరేమడిగినా "ఎడ్లకు" అనేది. ఎడ్లు పోయాక కూడా ఆ మాట ఆమె నోట్లోంచి పోలేదు.

ఎడ్లు లేక సేద్యం పడావు పడింది. ఇంట్లో మిగిలిన ఆస్తి అన్న ఒళ్లే. మానుకోటలో కుస్తీలు పెడుతున్నారని, గెలిచినవాణ్ని డోర్నకల్ రైలు స్టేషన్‌లో పనిలో పెట్టుకుంటారని ఉస్తాద్ కబురు చెప్పాడు. నౌకరి వస్తే ముగ్గురం బతుకుతాం. అవ్వ అన్న భుజాలు రోజూ తడిమి చూసి, "ఇంకింత తిను బిడ్డా" అనేది.

అప్పటికి నిజాం పాలన పోయి మిలిటరీ వచ్చింది. ఇక మన కష్టాలు తీరాయని సంబరపడ్డ మేమే, కొన్నాళ్లకు జీపు చప్పుడు వింటే తలుపులు మూసుకున్నాం. దొరల మీద తిరగబడ్డ దళాలు భూపాలపల్లి అడవుల వైపు తప్పుకున్నాయని, ఊళ్ల నుంచి వాటికి బువ్వ పోతోందని మిలిటరీ అనుమానం. ఇంట్లో మనుషులకు మించి వండొద్దని చాటింపు వేయించారు. మేము ముగ్గురం. మా పొయ్యి మీద పదిమందికి సరిపడే కుండ.

మానుకోట కుస్తీలు దగ్గర పడ్డాయి. ఒక మిట్టమధ్యాహ్నం జవాన్లు మా వాకిట్లోకి వచ్చారు. జమేదారు కుండ మూత తీసి, ఇది ఎవరికని హిందీలో అడిగాడు.

"ఎడ్లకు దొరా" అంది అవ్వ, అలవాటు చొప్పున.

అతను కొట్టం వైపు చూశాడు. ఎడ్లు కాదు గదా, అక్కడ పిడికెడు పేడ కూడా లేదు.

అన్న ముందుకొచ్చి, తాలీంలో నేర్చిన ఉర్దూలో ఆ తిండి తనదేనని, తాను పైల్వాన్‌నని చెప్పాడు. పైల్వాన్ ఉలవలు తింటాడా అని జమేదారు నవ్వాడు. అన్న మెడలోని లింగం చూపించాడు.

"అయితే తిను. మొత్తం తిను. నేను చూస్తా" అన్నాడు జమేదారు. నన్ను వడ్డించమన్నాడు.

అది రోజంతా తినే తిండి. అన్న లింగాన్ని అరచేతిలో పెట్టుకుని, రోజూలాగే కళ్లు మూసుకుని దండం పెట్టుకుని మొదలుపెట్టాడు. మొదటి కంచం ఆకలితోనే తిన్నాడు. తర్వాత నమలడం నెమ్మదించింది. నీళ్లు అడిగితే ఇవ్వొద్దన్నారు. నేను కొంచెం తక్కువ వేయబోతే ఒక జవాను తుపాకీ మడమతో కుండను తట్టాడు. గరిటె నిండా వేశాను. నా చెయ్యి విరిగిపోతే బాగుండు అనుకున్నాను. ఎవరిని తిట్టినా తుపాకీ పేలుతుందని దేవుణ్ని తిట్టుకున్నాను. ఎప్పుడూ ఇంకింత తినమనే అవ్వ గోడకు ఆనుకుని, "మెల్లగ బిడ్డా, మెల్లగ" అంది.

కుండ అడుగు కనబడే దాకా వచ్చాడు. అక్కడ వాంతి చేసుకున్నాడు. "చూశావా, ఇది నీ తిండి కాదు" అని జమేదారు లేచాడు. అన్నను జనగామ క్యాంపుకు తీసుకుపోయారు.

ఉస్తాద్ క్యాంపు గేటు దగ్గరికి పోయి, "నా షాగిర్దు సాబ్, వాడు గంతే తింటడు" అని శిష్యుడి కోసం బతిమాలాడట. నిజాం పోయిన ఆ రోజుల్లో ముసల్మాను మాట ఎవరు వింటారు? ఆయన ప్రాణానికే భరోసా లేదు. మానుకోట కుస్తీలు జరిగిపోయాయి. ఎవరు గెలిచారో మేము అడగలేదు.

వానలు పడ్డాక అన్నను వదిలేశారు. వాకిట్లో నిలబడ్డ మనిషిని నేను వెంటనే పోల్చుకోలేకపోయాను. భుజాల దగ్గర ఎముకలే ఉన్నాయి. ఆ పూట అవ్వ కుండ ముట్టలేదు. పక్కవాళ్ల ఇంటికి పోయి కొంగు చాటున రెండు కోడిగుడ్లు తెచ్చింది. మెడలో లింగం ఉండగానే తన చేతులతో ఉడికించి అన్న ముందు పెట్టింది.

"గివైతే కుండెడు అక్కర్లేదు బిడ్డా. గుప్పిట్ల దాగుతయ్. ఎవలకూ కానరావు" అంది.

అన్న వాటిని చూశాడు, కానీ ముట్టలేదు. పాపమని కాదు, కోపంతోనూ కాదు. కంచంలో పిడికెడు జొన్నగట్క పెట్టించుకుని, వాకిలి వైపు చూస్తూ తిన్నాడు. అవ్వ మళ్లీ గరిటె అందుకుంటే కంచానికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"గింత చాలవ్వా" అన్నాడు.

పుట్టిన నాటి నుంచి ఆ మాట అవ్వ అతని నోట వినలేదు. కొంగు నోట్లో కుక్కుకుని పొయ్యి దగ్గరే కూలబడింది.