మూడు ప్రమాణపత్రాలు

ఈ ఏడు కూడా ఆగస్టు రాగానే ఉపకారవేతనాల దరఖాస్తుల పరిశీలన నా బల్ల మీదికే వచ్చింది. మా కళాశాలలో నేను చెప్పేది వృక్షశాస్త్రం. కానీ అర్హత నియమాలు నాకు కంఠతా వచ్చునన్న పేరు ఎప్పుడో పడిపోయింది. అలాంటి పేరు ఒకసారి పడితే దాన్ని వదిలించుకోవడం పదవీ విరమణకు ముందు సాధ్యం కాదు. గత గురువారం మధ్యాహ్నం ఒక అమ్మాయి తన దరఖాస్తు తెచ్చింది. తల్లిదండ్రులు కోర్బా దగ్గర పల్లెలో కూలి చేసుకుంటారట, తను చిన్నప్పటినుంచీ ఇక్కడ మేనత్త ఇంట్లో ఉండి చదువుకుంటోందట. మేనత్త భర్తకు స్థిరమైన ఉద్యోగం ఉంది. "నీ చదువు బాధ్యత తమది కాదని వాళ్ల చేత స్టాంపు కాగితం మీద రాయించుకుని రా" అన్నాను. ఆ అమ్మాయి కాగితాలు సర్దుకుంటూ ఆగి, "అత్త బాధపడదా మేడమ్?" అని హిందీలో మెల్లగా అడిగింది. "అదొక నమూనా అమ్మా. అందరూ అదే రాస్తారు" అన్నాను. ఆ అమ్మాయి తలూపి వెళ్లిపోయింది. ఆ మాట నాది కాదనీ, నా పద్దెనిమిదో ఏట ఇదే ఊరి కోర్టు ఆవరణలో ఒక టైపిస్టు నోట విన్నదనీ నాకు తర్వాత గుర్తొచ్చింది. ఆ రోజు ఇంక దరఖాస్తులు చూడలేకపోయాను.

మా పెద్దనాన్న బిలాస్‌పూర్ లోకో షెడ్డులో రైలింజన్లు బాగుచేసే ఫిట్టరుగా పనిచేశాడు. మాది బొబ్బిలి దగ్గర పల్లె. తాత రైలు పట్టాల పనికి ఇక్కడికి వచ్చి స్థిరపడితే, పెద్దకొడుకు షెడ్డులో చేరాడు. చిన్నకొడుకు, అంటే మా నాన్న, ఊరికి తిరిగి వెళ్లి కౌలు సేద్యం చేసుకున్నాడు. పెద్దనాన్నకు, పెద్దమ్మకు పిల్లలు లేరు. మా అమ్మకు నా తర్వాత వెంటవెంటనే ఇద్దరు పుట్టారు. నాకు ఐదేళ్లున్నప్పుడు, వేసవిలో ఊరికి వచ్చిన పెద్దమ్మ తిరుగు ప్రయాణంలో నన్ను కూడా తీసుకువచ్చింది. నన్ను పెంచుకున్నారని ఎవరూ అనలేదు, ఇచ్చేశామని కూడా ఎవరూ అనలేదు. పిల్ల ఏదని అడిగితే "గుంట బిలాస్‌పూర్‌లో సదువుకుంటంది" అనేవారు, అంతే. ఒకటో తరగతిలో మొదలైన ఆ మాట నేను పన్నెండో తరగతికి వచ్చినా మారలేదు. మా రైల్వే కుటుంబాల్లో ఇది కొత్త కాదు. అన్నదమ్ముల పిల్లలు ఎక్కడ అన్నం ఉంటే అక్కడ పెరుగుతారు. దత్తత అన్నది ఆస్తులున్నవాళ్ల వ్యవహారమనీ, దానికి కాగితం కావాలనీ, మనుషులను తెచ్చుకోవడానికి కాగితం ఎందుకనీ వాళ్ల ఉద్దేశం.

బడిలో చేర్చిన రోజు ప్రధానోపాధ్యాయుడు తండ్రి పేరు అడిగితే పెద్దనాన్న తన పేరు చెప్పాడు. అది అబద్ధమని ఆయనకు తోచలేదు. పిల్ల చేయి పట్టుకుని వచ్చినవాడి పేరే అడుగుతున్నారనుకున్నాడు. బడి కాగితం చూసి రైల్వే పాస్‌లో కూడా నన్ను కూతురిగా రాశారు. ఇంట్లో మాత్రం నేను ఆయనను పెద్దనాన్న అనే పిలిచాను. ఇంకోలా పిలవమని ఆయన ఎన్నడూ అనలేదు.

ఆయన గురించి ఒక్క సంగతి తప్పక చెప్పాలి. షెడ్డులో మరమ్మతుకు వచ్చిన ప్రతి భాగానికీ ఒక కార్డు ఉంటుంది. బోల్టు బిగించినవాడే, బిగించిన తర్వాతే, దాని మీద సంతకం పెట్టాలి. డ్యూటీ ముగిసే వేళ తొందరలో ఉన్నవాళ్లు ముందే సంతకాలు పెట్టేసి, ఆ తర్వాత పని చేసేవారట. పెద్దనాన్న జీవితంలో ఆ పని చేయలేదు. ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చింది. వంటగ్యాసు సిలిండరు తెచ్చినవాడు పుస్తకం మీద సంతకం అడిగితే, సిలిండరు ఎత్తి చూసి, బిగించి, పొయ్యి వెలిగించి, ఆ తర్వాత కలం తీసేవాడు. "ఇంకొంచెం ఉండమను, పప్పు ఉడికినాక ఎడతాడు" అని పెద్దమ్మ లోపలినుంచి ఆ కుర్రాడికి వినిపించేలా అనేది. ఏ కాగితాన్నయినా మూడుసార్లు చదివేవాడు, మందు డబ్బాలోని కాగితం సహా. షెడ్డు నుంచి వచ్చాక కిరసనాయిలుతో చేతులు కడుక్కుని, జామచెట్టు కింద ఇనుప కుర్చీలో కూర్చుని, కళ్లద్దాలు తుడుచుకుని చదివే ఆ మనిషి దగ్గర గ్రీసు, కిరసనాయిలు, లైఫ్‌బాయ్ సబ్బు కలిసిన ఒక వాసన ఉండేది. ఇప్పటికీ ఏ మరమ్మతు దుకాణం ముందు నుంచి నడిచినా నా అడుగులు నెమ్మదిస్తాయి.

పన్నెండో తరగతి తర్వాత బిలాస్‌పూర్ విశ్వవిద్యాలయంలోనే బీఎస్సీలో సీటు వచ్చింది. మా రెండు కుటుంబాల్లో అంతవరకు ఎవరూ కళాశాల గడప తొక్కలేదు. కానీ ఫీజు కట్టే స్తోమత లేదు. పెద్దనాన్న జీతం కాగితం మీద కనిపించినంతగా ఇంటికి వచ్చేది కాదు. గాలివానకు కూలిన ఊరి ఇంటిని మళ్లీ కట్టడానికి చేసిన అప్పు కింద సగం జీతంలోనే కోతపడేది. విశ్వవిద్యాలయంలో పేద విద్యార్థులకు ఒక సహాయ నిధి ఉంది, ఫీజూ హాస్టలూ రెండూ అందులోనే జరిగిపోతాయి. దరఖాస్తు చేశాను, వారంలో తిరిగి వచ్చింది. తండ్రి రైల్వే ఉద్యోగి, ఆదాయం పరిమితికి మించినదని రాశారు. సహాయ నిధి విభాగంలోని పెద్దావిడ దగ్గరికి వెళ్లి ఉన్న సంగతి చెప్పాను. ఆవిడ విసుక్కోకుండా విన్నది. కన్న తల్లిదండ్రులు బతికి ఉండి, వాళ్ల ఆదాయం తక్కువైతే నేను అర్హురాలినే. అయితే పెంచినవారు ఖర్చు భరిస్తుంటే వారి ఆదాయమే లెక్కలోకి వస్తుంది. కాబట్టి పెద్దనాన్న రెండు సంగతులు ప్రమాణం చేసి రాయాలి. ఒకటి, నేను ఆయన కూతురిని కాదు. రెండు, నా పోషణ, చదువుల బాధ్యత ఆయన మీద లేదు. ఆ నియమం అన్యాయమని నేను అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. అది లేకపోతే కలిగినవారి పిల్లలందరూ పేద చిన్నాన్నల పేర్లు చెప్పుకుంటారు.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర విషయం చెప్పాను. పెద్దమ్మ గరిటె గిన్నెలో వదిలేసింది.

"ఏటే ఇది? డబ్బిత్తామని సెప్పి పిల్లని కాదనమంటారేటి?"

"ఉండవే" అన్నాడు పెద్దనాన్న. "తమ్ముడి కూతురే కదా. ఉన్నమాటే రాయమంటన్నారు."

"అచ్ఛా. మరైతే ఇన్నాళ్లు నాను జడేసింది ఎవుల పిల్లకి?"

ఆయన తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు. చదువు మానేసి ఏదైనా బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతానని నేను అన్నాను. అప్పుడు మాత్రం తలెత్తి, "మానీసి ఇంట్లో ఏటి సేత్తావు, వొంటా? మీ పెద్దమ్మ పొయ్యి దగ్గిరికి రానిత్తాదా నిన్ను?" అన్నాడు. పెద్దమ్మ నవ్వలేదు.

శనివారం ఒక పూట సెలవు పెట్టి నన్ను కోర్టు ఆవరణకు తీసుకువెళ్లాడు. రేకుల షెడ్డు కింద వరసగా టైపిస్టులు. మా టైపిస్టు అడగవలసినవి అడిగి ఐదు నిమిషాల్లో హిందీలో కాగితం కొట్టి ఇచ్చాడు. పెద్దనాన్న పక్కనున్న బల్ల మీద కూర్చుని చదవడం మొదలుపెట్టాడు. మూడుసార్లు చదివాడు. తర్వాత నాలుగోసారి చదివాడు. రెండో వాక్యం తీసేయమని టైపిస్టును అడిగాడు. "చాచా, సబ్ యహీ లిఖ్‌తే హై" అన్నాడతను. అందరూ ఇదే రాస్తారు, అది లేకపోతే చెల్లదు. పెద్దనాన్న కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు.

"మొదటి మాట నిజిమే. రెండోది కాదు" అన్నాడు నాతో, ఫిర్యాదు చేస్తున్నట్టు కాక, పరికరంలో లోపం చూపిస్తున్నట్టు.

 వద్దులే పెద్దనాన్నా, వెళ్లిపోదాం అనవలసింది. ఆ మాట నోటి దాకా వచ్చింది, నేను అనలేదు. ఆ సీటు నాకు కావాలి. అది ఆయనకూ తెలుసు. మా వెనక వచ్చినవాళ్లు ముగ్గురు నలుగురు పని ముగించుకుని వెళ్లిపోయారు. ఒక గంట గడిచి ఉంటుంది. చివరికి ఆయన, "నీకు హాస్టల్లో గది నిజింగా ఇత్తారా?" అని అడిగాడు. ఇస్తారన్నాను. కలం తీసి సంతకం పెట్టాడు. తిరిగి వచ్చేటప్పుడు స్కూటరు నడుపుతూ, నాకు వినబడేంతగా తల పక్కకు తిప్పి, "సంతకం ముందెట్టీసినాను. ఇంక బిగించాల" అన్నాడు.

ఆ మాటకు అర్థం నాకు నెమ్మదిగా తెలిసింది. సహాయం మంజూరైంది, నేను హాస్టల్‌కు మారాను. ఆ తర్వాతి వారమే ఆయన పాస్ విభాగానికి వెళ్లి నా పేరు తీయించేశాడు. అక్కడి గుమాస్తా ఆయనకు ఇరవై ఏళ్ల పరిచయం. "ఎవరూ అడగలేదు కదా దాదా, ఎందుకు తవ్వుకోవడం?" అన్నాడట. "కోర్టులో కూతురు కాదు, రైల్లో కూతురు అంటే ఎలాగ బాబూ?" అన్నాడట ఈయన. ఆదివారాల్లో నా చేతిలో పెట్టే చిల్లర కూడా ఆగిపోయింది. పెద్దమ్మ మాత్రం ఏ ప్రమాణానికీ లొంగలేదు. టిఫిన్ డబ్బా నిండా పప్పుచెక్కలు కట్టి, "తిండి కూడా పెట్టనేదని రాసినారా ఆ కాగితంలో? రాయమను, సూత్తాను" అని నాతో పంపేది.

హాస్టల్ నుంచి మా క్వార్టర్‌కు ఆటోలో ఎంతో సేపు పట్టదు. గాలి ఇటు వీచే రోజుల్లో షెడ్డు సైరను నా గదిలోకి వినిపించేది. సైరను మోగిన కాసేపటికి ఆయన గేటు తీస్తాడు, కిరసనాయిలు సీసా అందుకుంటాడు, పెద్దమ్మ టీ నీళ్లు పెడుతుంది. ఇవన్నీ గడియారం చూసుకుని లెక్కకట్టేదాన్ని. నా గదిలోని మిగతా అమ్మాయిలు దూరపు ఊళ్లవాళ్లు, ఇంటి మీద బెంగతో ఏడ్చేవాళ్లు. ఇదే ఊరిదాన్ని కాబట్టి నేను ఏడిస్తే వింతగా ఉంటుందని ఏడ్చేదాన్ని కాదు. ఆదివారం ఇంటికి వెళితే పెద్దనాన్న లేచి తన ఇనుప కుర్చీ నాకు చూపించి, "కూకోమ్మా" అనేవాడు. పదమూడేళ్లలో ఆ కుర్చీలో నేను ఎన్నడూ కూర్చోలేదు. అది ఆయనది, లేదా చుట్టాలది.

ఆ వేసవిలో అందరం ఊరికి బయలుదేరాం. వాళ్లిద్దరూ పాస్ మీద ఒక పెట్టెలో, నేను నా టిక్కెట్టు మీద వేరే పెట్టెలో. తెల్లవారుతుండగా రాయగడలో బండి ఆగింది. కిటికీ దగ్గర ఎవరో నిలబడి లోపలికి వెతుకుతున్నారు. పెద్దనాన్న, రెండు చేతుల్లో రెండు టీ కప్పులు. ఒకటి ఊచల మధ్య నుంచి అందించి, నేను అడగకముందే, "ఇది మీ పెద్దమ్మ డబ్బుల్తో కొన్నాది" అన్నాడు. బండి కదిలేదాకా అక్కడే నిలబడి తన టీ తాగాడు. ఊళ్లో మా అమ్మ నాకు ప్రత్యేకంగా స్టీలు కంచం తీసి కడిగింది. అక్కడ నేను బిలాస్‌పూర్ గుంటను. బిలాస్‌పూర్‌లో హాస్టల్ అమ్మాయిని.

ఇప్పుడు పెద్దనాన్న విశ్రాంత ఉద్యోగి. ఆయనా పెద్దమ్మా ఇదే ఊరి శివారున మోప్కా వైపు చిన్న ఇల్లు కట్టుకుని ఉంటున్నారు. నేను ఊరి మధ్య తెలిపారాలో ఒక అద్దె వాటాలో ఒంటరిగా ఉంటున్నాను. వారానికోసారి ఫోన్ చేస్తాను. ఆరోగ్యం అడుగుతాను, చెబుతాడు. నా ఉద్యోగం అడుగుతాడు, చెబుతాను. మా మధ్య ఎప్పుడూ ఏ గొడవా జరగలేదు. ఎవరినీ ఎవరూ నొప్పించలేదు. అందుకే దేన్నీ సరిచేసుకునే అవకాశం కూడా దొరకలేదు.

చదువుకునే రోజుల్లో ఆ సహాయాన్ని ఏటా పునరుద్ధరించుకోవలసి వచ్చేది, ఏటా కొత్త ప్రమాణపత్రం ఇవ్వవలసి వచ్చేది. రెండో ఏడు మళ్లీ ఇద్దరం కోర్టు ఆవరణకు వెళ్లాం. పని పది నిమిషాల్లో అయిపోయింది. టైపిస్టు పెద్దనాన్నను గుర్తుపట్టి మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయని అడిగాడు, ఈయన ఒక నూనె పేరు చెప్పాడు. మూడో ఏడు ఆ సంగతి ఎత్తడానికి నాకు మనసొప్పక రోజులు వాయిదా వేస్తూ ఉండగా, ఒక సాయంత్రం హాస్టల్ కాపలాదారు ఒక కవరు ఇచ్చాడు. ఎవరో పెద్దాయన వచ్చి, డ్యూటీకి వేళవుతోందని ఇచ్చి వెళ్లిపోయాడట. గదికి తీసుకువెళ్లి మంచం మీద కూర్చుని విప్పాను. అవే రెండు వాక్యాలు, ముద్ర, సంతకం, అన్నీ ఉండవలసిన చోటే ఉన్నాయి. మొదటి ఏటి కాగితాన్నే దగ్గర పెట్టుకుని టైపిస్టు ఉన్నదున్నట్టు దించినట్టున్నాడు. నాకు అప్పటికి ఇరవై నిండాయి, కాగితంలో ఇంకా పద్దెనిమిదే ఉంది. మందు డబ్బాలోని కాగితాన్ని కూడా మూడుసార్లు చదివే మనిషి దాన్ని ఒక్కసారైనా చదవకుండా సంతకం పెట్టాడు. విభాగంలో ఆవిడ కూడా చూడలేదు, దస్త్రంలో పెట్టేసింది. నిజం కాని ఆ రెండో మాటను నిజం చేయడానికి మేమిద్దరం మా చేతనైనంత శ్రమపడ్డాం. మిగిలిపోయిన కాస్త పనిని కాలం మమ్మల్ని అడగకుండానే పూర్తిచేసి పెట్టింది.