మొదటి మాట తల్లికే

రాజపాళయంలో మంత్రసానిపనికి బడి పెట్టి నడిపిన ఆడది మా వెళ్ళత్తాయి. మదురైలో నర్సు పరీక్ష నెగ్గి 1938లో తిరిగివచ్చి, అక్కడి మన తెలుగు ఇళ్ళ ఆడపిల్లలను చేరదీసింది. చేతులు కడుక్కోవడం, బొడ్డు కోయడం ఎవరైనా నేర్పుతారు. ఎవరి కబురు ఎవరికి ముందు చెప్పాలో నేర్పింది ఆమె.

అప్పట్లో బిడ్డ పుట్టగానే మంత్రసాని గడప దగ్గరికి వచ్చి ఆడో మగో అత్తగారికి చెప్పాలి. మగబిడ్డ అయితే బయట ఆడవాళ్ళు నాలుక తిప్పి కులవ పెడతారు, మంత్రసానికి చీర ఇస్తారు. ఆడబిడ్డ అయితే చప్పుడుండదు. కన్నతల్లికి ఎవరూ చెప్పరు, ఆ చప్పుడును బట్టి తెలుసుకోవాల్సిందే. వెళ్ళత్తాయి కూడా ఒకప్పుడు అలా చెవులు రిక్కించి పడుకున్నదే.

బడి నడిచేది పత్తిచేల కల్యాణసుందరమ్మ ఇచ్చిన వసారాలో. ఆమె కోడలు సరోజాదేవి కాన్పుకు వెళ్ళత్తాయి తన శిష్యురాలు బొమ్మిని తీసుకుపోయింది. బిడ్డ భూమ్మీద పడింది. వేడినీళ్ళకు బయటికి వచ్చిన బొమ్మిని ముసలామె గడపలోనే ఆపి ఆడో మగో చెప్పమన్నది. ముందు తల్లికి చెప్పాలన్నది బొమ్మి.

"నా వసారాలో చదివినదానికి ఇంత తిమిరా, ఇంత పొగరా? రేపే ఖాళీ చేయిస్తాను."

లోపల వెళ్ళత్తాయికి ఆ మాట వినబడింది. ఒక్క మాట చెప్పేస్తే బడి నిలుస్తుంది. కానీ ఆ తరువాత బడిలో ఏమని నేర్పడం? తడిచేతులతోనే గడపకు వచ్చింది.

"దానికి నేర్పినది నేనేనమ్మా. మోసినది మీ కోడలు. ఆమె వినినంక ఆమే మీకు చెప్తుంది. వసారా మీది, మీ ఇష్టం."

వెనక్కి వెళ్ళి సరోజాదేవి చెవిలో చెప్పింది. ఇదివరకటి కాన్పుల్లో నోరెత్తని ఆ పిల్ల గొంతు ఈసారి బయటికి వినబడింది.

"అత్తా, మీకు పేత్తి పుట్టినాది, మనవరాలు. ముక్కు అచ్చం మీదే. వచ్చి చూడండి."

పురిటిగదిలోకి రమ్మని ముసలామెను అంతవరకూ పిలిచినవాళ్ళు లేరు. లోపలికి వెళ్ళింది, బిడ్డను దీపం దగ్గరికి తెప్పించుకుని చూసింది.

"ముక్కు నాదే. కోపమూ నాదే అయితే కట్టుకునేవాడు చచ్చినాడు."

అంటూనే కులవ పెట్టింది. ఆ కులవ విని మగబిడ్డేననుకుని వీధంతా కలకండతో దిగింది. ఆడబిడ్డ అని తెలిసినా ఎవరినీ తినకుండా పోనివ్వలేదు ఆమె.

మరునాడు వసారా ఖాళీ చేయించలేదు సరికదా, దాని వెనక గదికూడా బడికే ఇచ్చేసింది. బొమ్మి మంసాపురానికీ, దాని తోటి శిష్యురాలు వల్లియమ్మాళ్ తళవాయిపురానికీ మంత్రసానులై వెళ్ళి ఇదే పద్ధతి నిలబెట్టినారు. కొన్నేళ్ళకు గడపలో నిలబడిన అత్తలే ముందుగా అడగసాగినారు: "లోపల దానికి చెప్పినారా?"