నచ్చలేదని వెనక్కొచ్చిన చీర

ఆదోని బజారులో మాది చిన్న చీరల కొట్టు. ఎమ్మిగనూరు మగ్గాల మీద నేసిన నూలు చీరలు మా ఆయన వెళ్లి తెస్తారు, నేను కూర్చుని అమ్ముతాను. జనం కొట్టుకు రావడం తగ్గించి ఫోన్లలోనే కొంటున్నారని తెలిశాక మేమూ వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టాం. పొద్దున్నే చీరలు వెలుతురులో పరిచి ఫొటోలు తీసి పెట్టడం నా పని. అమ్మకం కన్నా జవాబులు చెప్పడమే ఎక్కువైంది. అంచు దగ్గరగా చూపించమంటారు, కొంగు విప్పమంటారు, ఒంటిమీద వేసుకుని నిలబడమంటారు. అన్నీ చేశాక "చూస్తాంలే" అని మాయమవుతారు. ఎదురుగా కూర్చున్న మనిషైతే నచ్చిందో లేదో మొహంలోనే తెలిసిపోతుంది. ఫోన్లో ఏం తెలుస్తుంది?

ఎమ్మిగనూరులో ఒకావిడ, పుట్టిల్లు ఆదోనే కాబట్టి, మాకు పాత గిరాకీ. మా అత్తగారు కొట్టులో కూర్చునే రోజుల నుంచీ పండగకైనా పెళ్లికైనా మా దగ్గరే కొనేది. ఆవిడా గ్రూపులో చేరింది. మొన్నటి పెళ్లిళ్ల కాలంలో నెమలికంఠం రంగు చీర ఒకటి అడిగింది. వీడియో కాల్‌లో ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి చూపించి, సరేనన్నాకే పంపించాను. అందిందని చెప్పింది.

కొన్నాళ్లకు మెసేజ్ వచ్చింది. రంగు నచ్చలేదట, ఫోన్లో చూసింది వేరట, వాపసు పంపిస్తుందట. ఫొటో సరిగా తీయలేదేమోనని నన్ను నేనే తిట్టుకున్నాను. అంతలో, గ్రూపులోనే ఉన్న ఆవిడ ఆడబిడ్డ పెట్టిన స్టేటస్ కంటపడింది. పెళ్లి పందిట్లో నలుగురు ఆడవాళ్లు. మధ్యలో ఆవిడ, మా చీర కట్టుకుని, కొంగు భుజం మీద అందంగా పరుచుకుని నవ్వుతోంది.

ఒళ్లు మండిపోయింది. వెంటనే ఫోన్ చేశాను.

"అక్కా, సీర కట్టుకున్నారు కదా? పెండ్లి ఫొటో సూసినాను."

"ఒక్క పూట కట్టుకుంటే ఏమాయెనమ్మా? యాడా మరక పడల్యా. ఇస్త్రీ చేపిచ్చి పెట్టినాను" అంది.

"కట్టిన సీర మళ్లా ఎవురికి అమ్మల్ల నేను?"

"ఆన్‌లైనోళ్లయితే ఏమీ అడక్కుండా ఇంటికొచ్చి తీసుకపోతారు. ఇన్నేండ్ల నుంచి మీ తాననే కొంటాండాను, మీకేమో ఇన్ని ప్రశ్నలా?"

పెద్ద కంపెనీకి ఒక చీర పోతే లెక్కలోకి రాదు. ఈ చీర నేసిన మనిషి మాకు తెలుసు, ఆయన ఇంట్లో కాఫీ తాగి వచ్చినవాళ్లం. అదంతా ఫోన్లో ఎలా చెప్పను? "పంపొద్దక్కా, నేను తీసుకోను" అని ఫోన్ పెట్టేశాను.

ఆవిడ పంపనే పంపింది. పార్శిల్ తెచ్చినతను గుమ్మంలో నిలబడి, "తీసుకుంటారా, వాపసు రాయల్నా?" అన్నాడు.

మా ఆయన లోపలి నుంచి, "తీసుకో. పాత గిరాకీని పోగొట్టుకుంటామా?" అన్నారు.

"వాపసు రాయప్పా" అన్నాను నేను.

సాయంత్రానికి ఆవిడ గ్రూపులోంచి వెళ్లిపోయింది. వెనకే ఆడబిడ్డ, ఆవిడ చుట్టాలు మరికొందరు. మా ఆయన గబగబా అన్నం తిని లేచిపోయారు. నా కోపం ఎవరి మీదో నాకే తెలియలేదు. అత్తగారు మాత్రం, "నేనైతే తీసుకుంటాంటి. మళ్లా కొట్టుకొచ్చినప్పుడు నవ్వుకుంటానే అడుగుతాంటి. ఇప్పుడు వచ్చేదెవురులే" అంది.

మర్నాడు గ్రూపులో రాసి పెట్టాను: కట్టిన చీరలు వాపసు తీసుకోము.

క్షణంలో కోసిగి నుంచి ఒకామె అడిగింది: "కట్టి సూసుకోకుంటే బాగుందో లేదో ఎట్ల తెలుస్తుందక్కా?"

ఫోన్ బోర్లా పెట్టి చీరలు మడతపెట్టుకుంటూ కూర్చున్నాను.