పెద్దమ్మ నమ్మని బోర్డు

కొంటా నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "పెద్దమ్మ పోయిందక్కా. పొద్దున లేపితే లేవలే" అన్నాడు. డాక్టరమ్మ నన్ను బస్సెక్కవద్దంది. అందుకని ఇక్కడే, కిరండూల్ గని క్వార్టర్లో కూర్చుని ఆమెను తలుచుకుంటున్నాను.

పెద్దమ్మ దేన్నీ వెంటనే నమ్మేది కాదు. సంతలో చింతపండు అమ్మేటప్పుడు షావుకారు కాటాలో రాళ్ల పళ్లెం ఎత్తి, అడుగున ఏమైనా అంటించాడేమోనని చేత్తో తడిమేది. అతను విసుక్కుంటే, "అనుమానం నీ మీద కాదు సేటూ, నీ పళ్లెం మీద" అనేది. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటిదాన్ని నేను. నన్ను పంపింది ఆమే. "రాసింది చదివి చెప్పెటోళ్లు మన ఇంట్ల ఒకరుండాలె" అని మా నాన్నతో పోట్లాడింది.

పెళ్లయి ఏళ్లు గడిచినా నాకు పిల్లలు కలగలేదు. అత్తగారింట్లో మా ఆయనకు ఇంకో పెళ్లి చేసే మాట మెల్లగా మొదలైంది. జగదల్‌పూర్‌లో మంచి ఆసుపత్రి చూసుకుందామని బయలుదేరితే పెద్దమ్మ తోడు వచ్చింది. మొదటి ఆసుపత్రి ముందు ఆగి బోర్డు చదవమంది. హిందీలో ఉన్నది ఉన్నట్టు చదివాను: "నిఃసంతాన్ కేంద్ర."

ఆమె నా మణికట్టు పట్టుకుంది. "సంతానం లేకుంట చేసే జాగానా? ఈడికా నన్ను తెచ్చినవ్?"

నాకు నవ్వొచ్చింది. పిల్లలు లేనివాళ్ల కోసమని దాని అర్థం అన్నాను. ఆమె నవ్వలేదు. "అప్పుడు గూడ చదువుకున్నామెనే అర్థం చెప్పింది" అంది.

అప్పటి సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరం ఎత్తం. కొడుకు పుట్టిన కొత్తలో, నీరసానికి సూది వేస్తారని ఒక నర్సమ్మ నమ్మించి ఆమెను జీపులో ఒక క్యాంపుకు తీసుకెళ్లింది. కడుపు మీద కుట్లతో ఇంటికొచ్చింది. తర్వాత ఆ పిల్లవాడు జ్వరంతో పోయాడు. ఆమెకు మళ్లీ పిల్లలు కలగలేదు.

లోపల గోడల నిండా పసిపిల్లల ఫొటోలు. "అందరు ఈడ పుట్టినోళ్లేనా? ఒక్కరిది గూడ మన దిక్కు మొఖం లేదేంది?" అని గట్టిగానే అడిగింది. డాక్టరు నన్ను చూసీ చూడగానే ఆపరేషన్ అన్నాడు. "ఏం తీస్తరు?" అంది పెద్దమ్మ. ఆ మాటే నేను హిందీలో అడిగాను. "మాతాజీ, మీరు బయట కూర్చోండి" అన్నాడాయన. ఆమె బయటికి నడిచింది, నన్ను కూడా లాక్కుని.

బస్సులో మొహం కిటికీ వైపు తిప్పుకున్నాను. నాకున్న ఒక్క దారీ మూసేసిందనుకున్నాను. "తిట్టుకో బిడ్డా. కడుపుల ఉన్నది కడుపుల్నే ఉన్నది గద, అది చాలు" అంది.

రెండో ఆసుపత్రిలో డాక్టరమ్మనూ అదే అడిగింది. "ఇప్పుడేమీ తియ్యం. ముందు మీ అల్లుణ్ని తీసుకురండి" అందావిడ. మా ఆయన గనిలో డంపర్ నడుపుతాడు. "నాకేం రోగం?" అని గింజుకున్నాడు.

"రోగమని ఎవరన్నరు అల్లుడా? డంపర్ ఆగితే ఒక్క దిక్కే ఇప్పి చూస్తవా?" అంది పెద్దమ్మ.

లోపం ఆయనలోనే ఉందని తేలింది. మందులు రాశారు. ఆయన తలదించుకుని కూర్చుంటే పెద్దమ్మే అన్నం వడ్డించి, "తిను బిడ్డా. డంపర్ ముచ్చట మనం ఎవరికి చెప్పం" అంది.

ఆ డాక్టరమ్మను కూడా ఆమె పూర్తిగా నమ్మలేదు. మాత్రలు పట్టుకెళ్లి కొంటా మెడికల్ షాపులో చూపించి అడిగేది. మంచి మనిషిని ఎందుకు అనుమానిస్తావంటే, "మంచిదైతే అడిగితే అరిగిపోతదా?" అనేది. నేను బడిలో చదవడం నేర్చుకున్నాను. అడగడం ఆమె దగ్గర నేర్చుకున్నాను.

మందులు పనిచేశాయి. మొదటి స్కానింగుకూ ఆమే వచ్చింది. గుండె కొట్టుకుంటోంది చూడండంటూ డాక్టరమ్మ తెర మా వైపు తిప్పింది. నేను ఏడ్చేశాను. పెద్దమ్మ మాత్రం తెర వెనక్కి వెళ్లి చూసొచ్చింది.

"అందరికి ఇదే బొమ్మ చూపెడ్తరేమో. ఆ మిషను జర నీ కడుపు మీదికెళ్లి తియ్యమను."

సిగ్గుపడుతూనే చెప్పాను. డాక్టరమ్మ తీసింది. బొమ్మ పోయింది. మళ్లీ ఆనించింది. గింజంత వెలుగు మళ్లీ టపటపా కొట్టుకుంది. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తెర మీదికి వంగింది.

ఇంకోసారి చూపిద్దామని డాక్టరమ్మ చెయ్యి ఎత్తబోయింది. పెద్దమ్మ ఆ చేతి మీద తన చెయ్యి వేసి, నా కడుపు మీదే ఆపింది.

"తియ్యకమ్మా" అంది. "ఉండనీ."