జపాన్ రౌడీలు, ఉప్పల్ బిక్షపతి

బిక్షపతి మీసం నాచారం చౌరస్తాలో మలుపు తిరిగితే, మనిషి ఆ వెనక ఎప్పుడో తిరిగేవాడు. ఆ మీసం మీద పిచ్చుకలు వాలేవని చెప్పుకునేవాళ్లున్నారు. అది మాత్రం అబద్ధం. పిచ్చుకలకు కూడా ప్రాణం మీద తీపి ఉంటుంది.

ఆ మీసమే అతని ఉద్యోగం. ఉప్పల్ చుట్టుపక్కల చేలన్నీ ప్లాట్లయిపోతున్న రోజులవి. ఒకడి జాగాలో ఇంకొకడు తెల్లారేసరికి గోడ లేపేసేవాడు. అందుకని జాగా ఉండి ధైర్యం లేనివాళ్లు బిక్షపతిని పెట్టుకునేవాళ్లు. జాగా నడుమ ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చోవడమే పని. వాళ్ల నాయన ఆ నేలలోనే మంచె మీద కూర్చుని జొన్నచేను మీద పిట్టల్ని తోలాడు. కొడుకు కుర్చీలో కూర్చుని మనుషుల్ని తోలుతున్నాడు. వంశవృత్తి అంటే అదీ.

అతని గుట్టు భార్య సక్కుబాయి ఒక్కదానికే తెలుసు. బిక్షపతి బుద్ధెరిగాక ఎవరినీ ఒక్క దెబ్బ కొట్టి ఎరగడు. ఇంట్లో బొద్దింక కనిపిస్తే తాను మంచమెక్కి ఆమెను కేకేసేవాడు.

వాళ్ల నాచారం ఇంట్లో పై వాటాలో తేజేష్ అద్దెకుండేవాడు. రాజమండ్రి పిల్లవాడు, పోచారంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు ఏరుకొచ్చే అలవాటు. అలా 2011 వేసవిలో ఒక జపాన్ బొమ్మల కథ తెచ్చాడు. ఉర్దూ పుస్తకంలా వెనక నుంచి చదవాలి. కథ నిండా రౌడీలే, ఒక్కొక్కడికీ ఒక్కో మహిమ. ఇంగ్లీషులో ఉంది కనుక తేజేష్ చదివి చెప్పేవాడు, బిక్షపతి బొమ్మలు చూస్తూ తీర్పు చెప్పేవాడు. రౌడీల సంగతి తనకు తెలియక జపాన్ వాళ్లకు తెలుస్తుందా?

కొన్నిటికి అతను దాసోహమన్నాడు. ముఠా ఉస్తాదు పిడికిలి బిగిస్తే అది కొలిమిలో ఇనుములా కాలుతుంది. కానీ కొట్టిన ప్రతి దెబ్బకూ ఒక జ్ఞాపకం చెరిగిపోతుంది. తమ్ముణ్ని కాపాడటానికి కొట్టి కొట్టి, చివరికి ఆ తమ్ముడి ముఖం చూసి నువ్వెవరని అడుగుతాడు. ఆ పేజీలో మాటల్లేవు, బొమ్మలేసినవాడు వాన మాత్రం గీశాడు. బిక్షపతి లేచి నీళ్ల ట్యాంకు చూసొస్తానని మేడెక్కి చాలాసేపు దిగలేదు.

వంకలూ పెట్టాడు. చచ్చినవాడు మూడో రోజుకు మళ్లీ దిగడం బాగాలేదన్నాడు. ఉతికిన తెల్ల సూట్ల మీద రక్తం పడి, పేజీ తిప్పేసరికి మళ్లీ తెల్లగా ఉంటున్నాయి, వాళ్లింట్లో బట్టలెవరు ఉతుకుతున్నారో అడగమంది సక్కుబాయి. ముఠాలో ఒక్క ఆడమనిషైనా లేదు, ఉతకడమంటే ఏంటో గీసినవాడికేం తెలుస్తుందని తనే జవాబూ చెప్పుకుంది. కానీ బిక్షపతికి అన్నిటికంటే పెద్ద తప్పుగా కనిపించింది వేరే.

"ఏంది తేజేష్ గిది? కొట్లాటకొచ్చినోడు నా బలం గిది, నా మర్మం గిది అని దుష్మన్‌కే పాఠం జెప్తుండు. అవతలోడు గూడ చేతులు గట్టుకోని ఇంటుండు. గిట్ల యాడన్న ఉంటదా?"

"ఆ కథల పద్ధతే అంత అన్నా."

"అసలు రౌడీ మాట్లాడడు. నన్ను సూడు."

చెప్పేవాడు అసలు రౌడీ కనుక తేజేష్ నమ్మేశాడు.

అప్పట్లో బిక్షపతి కుర్చీ పరంధామయ్య గారి జాగాలో ఉండేది. ఆయన అమలాపురం నుంచి వచ్చి స్థిరపడిన రిటైర్డ్ లెక్కల మాస్టారు. ఉప్పల్‌లో ఆ రెండొందల గజాలే ఆయన ఆస్తి. దాని మీద ఎవరో దొంగ కాగితాలు పుట్టించారు. ఒకరోజు మాస్టారు పొద్దున్నే స్టే ఆర్డరు కోసం కోర్టుకు వెళ్తూ, సాయంత్రం దాకా ప్రహరీ కూలకుండా చూడు బాబూ అని బతిమాలారు. ఆయన ఆటో మలుపు తిరిగిందో లేదో జేసీబీ వచ్చింది. ముందు నడుస్తున్నవాడు ఆ దొంగ కాగితాలవాళ్లు పెట్టుకున్న రౌడీ నారపల్లి కామరాజు, వెనక నలుగురు కుర్రాళ్లు. గోడ ఒకసారి పడి కొత్త గోడ లేచిందంటే మాస్టారి జాగా మనవళ్ల కాలానికి గాని తిరిగి రాదు. బిక్షపతికి ఉప్పల్‌లో మళ్లీ కుర్చీ వేసేవాడూ ఉండడు.

కామరాజు తానెవరో, ఎవరి మనిషో, ఎవరి కాళ్లు ఎక్కడ విరిచాడో చెప్పాడు. బిక్షపతి కుర్చీలో బిగుసుకుని, తాను విరవని చేతుల కథలన్నీ చెప్పాడు. సరుకు తొందరగా అయిపోయింది. జేసీబీ కొమ్ము పైకి లేచింది. ఇక దిక్కుతోచక ఉస్తాదును దింపాడు.

"మా ఉస్తాద్ ముచ్చట ఇన్నవా కామన్నా? పిడికిలి గుద్దితే ఇనుప గేటు మైనం లెక్క కారేది."

"జర అతికేటట్టు జెప్పు."

"ఇను. గుద్దుకొక్క యాది పొయ్యేది ఆయనకు."

కామరాజు డ్రైవరు వైపు తిరిగాడు. "బండి జర బంద్ జెయ్యి, ఇనవడ్తలేదు."

అంతే. జపాన్ నగరమంతా రామంతాపూర్‌కు మారింది, ఓడరేవు కాస్తా ఉప్పల్ డిపో అయింది. చాయ్ వచ్చింది, మిర్చి బజ్జీలొచ్చాయి. ఎండ ముదిరేసరికి కుర్రాళ్లు జేసీబీ నీడకు చేరారు, కామరాజు సిమెంటు తట్ట బోర్లించి కూర్చున్నాడు. తమ్ముడి ముఖం మరిచిపోయే చోట డ్రైవరు తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. కాసేపటికి కామరాజుకు ఒక అనుమానమొచ్చింది.

"అన్నీ మంచిగున్నయి గని బిక్షపతన్నా, కొట్లాటకు ముందు గన్ని మాటలేంది? అవతలోడు గంతసేపు ఎట్ల ఇంటడే? నేనైతే మొదటి మాటకే గుద్దేటోన్ని."

బిక్షపతి తట్ట మీది కామరాజును చూశాడు, నీడలోని కుర్రాళ్లను చూశాడు, ఎండలో చల్లారిపోయిన జేసీబీని చూశాడు. నవ్వొచ్చింది. మీసం కింద దాచుకున్నాడు.

"నిజమేనన్నా. కథల గదొక్కటే తప్పు," అని మళ్లీ అందుకున్నాడు.

పొద్దు వాలుతుండగా పరంధామయ్య గారు స్టే కాగితం పట్టుకుని ఆటో దిగారు. కామరాజు దాన్ని తిప్పి చూసి, డ్రైవరుకు సైగ చేశాడు. కోపం లేకపోలేదు. కానీ ఆ తమ్ముడు చివరికి గుర్తొచ్చాడా లేదా అని అడిగి, జవాబు తనకూ తెలియదని బిక్షపతి అన్నాకే జేసీబీ ఎక్కాడు. మాస్టారు నిలబడి ఉన్న గోడను తడిమి చూసి, వాళ్లనేం చేశావు బాబూ అన్నారు. ఏం చెయ్యలేదు సార్ అన్నాడు బిక్షపతి. ఎవరూ నమ్మలేదు. ఆ ముచ్చట ఉప్పల్‌లో ఐదుగురిని తరిమినట్టు మొదలై, దమ్మాయిగూడ చేరేసరికి జేసీబీని తోక పట్టి తిప్పి విసిరినట్టయింది.

ఆదివారం తేజేష్ కొత్త భాగం తెచ్చాడు. పోట్లాటకు ముందు మాటలు రాగానే, అన్నకు నచ్చదని రెండు పేజీలు దాటేయబోతే బిక్షపతి చెయ్యి అడ్డం పెట్టాడు.

"సదువు. అసలు కొట్లాట గదే. గది తప్పు గాదు తేజేష్, నేనే తప్పు జెప్పిన."

"మరి ఇందులో తప్పేం లేదా అన్నా?"

బిక్షపతి మీసం దువ్వుకున్నాడు.

"ఉన్నది. గంత మంచిగ మాట్లాడుకున్నంక, మళ్ల కొట్టుకునుడెందుకో గదే సమజైతలేదు."